పది కిలోమీటర్ల వృత్తం: జీవో రాసే అధికారి గారికి బహిరంగ లేఖ

జంట జలాశయాల పరీవాహక ప్రాంతం మీద రాబోయే జీవోకు ముసాయిదా రాయనున్న గౌరవనీయ అధికారి గారి సముఖానికి.

విషయం: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ – ఎగువ వాగుల నీటి నాణ్యత – పౌరుల కృషి – గురించి.

సూచిక: 1. జీవో 111, 1996 మార్చి 8. 2. జీవో 69, 2022 ఏప్రిల్ 12.

మూసీ వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పారుతుంది. దానికి దక్షిణంగా ఈసీ పారుతుంది. లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద రెండూ కలుస్తాయి. కలవకముందే రెండింటికీ అడ్డంగా కట్టలున్నాయి: 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ మూసీ మీద, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఈసీ మీద. మొదటిదాన్ని జనం గండిపేట చెరువనే అంటారు. ఈ కట్టలకు కారణం 1908 సెప్టెంబరు 28 నాటి వరద. అందులో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తరవాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలో ఒడ్లు ఎత్తు చేస్తే చాలనుకోకుండా ఎగువకు వెళ్లి చూశారు. హైదరాబాద్ పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, అంటే చదరపు మైలుకు దాదాపు ఒకటి చొప్పున ఉన్నాయని, వాటిలో 221 ఆ వరదకు తెగాయని ఆయన లెక్క తేల్చారు. నగరపు నది కథ నగరానికి బయట మొదలవుతుందని సర్కారు కాగితం మీద అప్పుడే నమోదైంది. పాత ఫైళ్లు తిరగేసే ఓపిక ఉన్నవారికి ఈ సంగతి కొత్తేమీ కాదు.

ఉస్మాన్‌సాగర్‌కు సుమారు 740 చదరపు కిలోమీటర్ల నేల నుంచి నీరు చేరుతుంది, హిమాయత్‌సాగర్‌కు సుమారు 1,300 చదరపు కిలోమీటర్ల నుంచి. వాన కురిసిన చోటి నుంచి నీరు నేరుగా జలాశయానికి రాదు. పొలం గట్టు దాటి కుంటలో చేరుతుంది, కుంట నిండితే మత్తడి దూకి కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు పోతుంది. గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఇదే. ఒక్కో చెరువులోనూ నీరు కాసేపు ఆగడంతో బురద అడుగుకు దిగుతుంది, గడ్డీ తుంగా కొంత నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. ఏ కంట్రాక్టరూ బిల్లు పెట్టని శుద్ధి ఇది. చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే నేలలో, లేఅవుట్ వేసి, వాగును సిమెంటు నాలాగా మారిస్తే ఆ ఆగడం పోతుంది. వాన నీరు గంటల్లో జలాశయానికి చేరుతుంది, రోడ్డు మీది నూనె, సెప్టిక్ ట్యాంకు పొంగు, పొలం మీది ఎరువు వెంటబెట్టుకుని మరీ చేరుతుంది.

ఆ తరవాత జలాశయంలో జరిగేది కంటికి కనిపిస్తూనే ఉంటుంది. మురుగులోని భాస్వరం తిని నాచు పెరుగుతుంది, గుర్రపుడెక్క పరుచుకుంటుంది. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఖర్చయి, చేపలు తేలతాయి. ఇసుక వడపోత బురదనూ చాలా వరకు సూక్ష్మజీవులనూ ఆపుతుంది కానీ, కరిగి ఉన్న నైట్రేటునూ పురుగుమందునూ అంతగా ఆపలేదు. కుళ్లిన పదార్థం ఎక్కువగా ఉన్న నీటికి క్లోరిన్ పట్టిస్తే ట్రైహాలోమీథేన్లనే అవాంఛిత పదార్థాలు తయారవుతాయి. అందుకే నల్లా దగ్గర శుద్ధి చేయడం కంటే వాగు దగ్గర పాడు కాకుండా చూడటం చవక.

నగరానికి నీరు సరఫరా చేసే జలమండలి నిపుణుల సంఘం సిఫార్సుల మీద మొదట 1994లో 192 జీవో, తరవాత 1996లో 111 జీవో వచ్చాయి. జలాశయాల నుంచి పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు నిషిద్ధమయ్యాయి. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దీని కిందికి వచ్చాయి. మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఇప్పటికీ "త్రిబుల్ వన్" అంటే భూమి ధరను ఒక్క ముక్కలో చెప్పడమే.

ఈ జీవో తన కాళ్ల మీద తాను నిలబడలేదు. నిలబెట్టింది పౌరులు, వారితో పాటు ఒక కేసు. ఆముదం నూనె నుంచి రసాయనాలు తయారుచేసే ఒక కంపెనీ 1993లో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొని ఫ్యాక్టరీకి పూనుకుంది. స్థలం నిషిద్ధ వలయంలో ఉంది. తయారీలో మిగిలే వ్యర్థంలో నికెల్ ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలులో కంపెనీ గెలిచింది. 111 జీవో ఇచ్చిన ప్రభుత్వమే 1997 జూలైలో 153 జీవో ఇచ్చి పది కిలోమీటర్ల నిబంధన నుంచి ఆ ఒక్క కంపెనీని మినహాయించింది. ఒక చేత్తో గీసిన గీతను రెండో చేత్తో చెరిపే విద్య సచివాలయానికి అప్పటికే వచ్చునన్నమాట. హైకోర్టు కూడా కంపెనీ వైపే మొగ్గింది. కాలుష్య మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. పర్యావరణం, జీవన నాణ్యత కోసం ఏర్పడిన పౌర సంఘం స్పెక్వెల్ కూడా ఈ వ్యాజ్యంలో కక్షిదారుగా నిలిచింది.

1999 జనవరిలో, 2000 డిసెంబరులో రెండు దఫాలుగా వచ్చిన తీర్పులు నేడు న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠాలు. వాటి సారం సులువే. హాని జరిగే అవకాశం ఉన్నప్పుడు పూర్తి రుజువు దొరికేదాకా ఆగనక్కరలేదు, ముందు జాగ్రత్తే న్యాయం. హాని జరగదని చూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవారిది, నీళ్లు తాగేవారిది కాదు. తాగునీటి వనరు చుట్టూ మొత్తంగా నిషేధం పెట్టాక ఒకరికి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదు. కోర్టు నిపుణుల సాయం కూడా తీసుకుంది. భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నేల కింద రాతి తీరును పరిశీలించారు. పౌరుల ఉద్యమమంటే ఊరేగింపులూ బ్యానర్లూ గుర్తుకొస్తాయి. ఇక్కడ చివరికి నిలబడింది రాతి పొరల మీది నివేదిక.

కేసు గెలిచాక వాగు దానంతట అదే శుభ్రపడలేదు. నిషేధం ఉన్న చోటే ఫాంహౌస్‌లు, రిసార్టులు, ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. పేరుకు తోటలు, లోపల ఫంక్షన్ హాళ్లు. ఫోరం ఫర్ బెటర్ హైదరాబాద్, సేవ్ అవర్ అర్బన్ లేక్స్ వంటి సంఘాలు ఏళ్ల తరబడి ఈ విషయం మీద పనిచేస్తున్నాయి. ఇలాంటి పనిలో ఆకర్షణ తక్కువ. పాత రెవెన్యూ నక్షాలు తీసి కుంట శిఖం ఎక్కడిదాకా ఉండేదో చూపాలి. సమాచార హక్కు కింద నీటి పరీక్షల నివేదికలు రాబట్టాలి. చెరువు పూర్తి నీటిమట్టాన్ని చూపే ఎఫ్‌టీఎల్ రాళ్లు ఉన్న చోటే ఉన్నాయో లేదో చూసి, రాత్రిపూట నాలాలో మురుగు వదిలే ట్యాంకరు నంబరు రాసుకుని ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు వెళ్లి తిరిగి మొదటి శాఖకు చేరినప్పుడు మళ్లీ రాయాలి.

111 జీవోలోనూ లోపం ఉంది. దాన్ని కాపాడినవారు ఒప్పుకోవడానికి జంకే లోపం అది. జీవో కంపాసుతో వృత్తం గీసింది, నీరేమో వాలును బట్టి పారుతుంది. కట్ట దిగువన ఉన్న ఊరు వలయంలో పడింది. అక్కడి నీరు జలాశయంలోకి ఎక్కిరాదు. ఎగువన పది కిలోమీటర్లు దాటిన ఊరు వలయం బయట ఉండిపోయింది, అక్కడి మురుగు మాత్రం వాగు వెంట దర్జాగా వస్తుంది. 1.32 లక్షల ఎకరాలంటే సుమారు 534 చదరపు కిలోమీటర్లు. రెండు పరీవాహకాలూ కలిపితే 2,000 దాటుతాయి. అంటే రక్షణ దొరికింది మొత్తంలో పావు వంతుకు అటూ ఇటూ. 84 గ్రామాల రైతుల కోపంలో న్యాయం కూడా ఇక్కడే ఉంది. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం నీళ్ల కోసం వీరి భూమి మీద ఆంక్ష పెట్టి పైసా పరిహారం ఇవ్వకపోవడం ఏ తూకంలోనూ సరిపోదు. న్యూయార్క్ నగరం 1997లో క్యాట్‌స్కిల్ కొండల గ్రామాలతో ఒప్పందం చేసుకుని, వాగులు శుభ్రంగా ఉంచినందుకు ఎగువ రైతులకూ ఊళ్లకూ డబ్బు వెచ్చిస్తోంది. వేల కోట్ల రూపాయల వడపోత కేంద్రం కట్టడం కంటే అదే లాభమని వారి లెక్కలో తేలింది. ఇక్కడ ఆ లెక్క వేసిన ప్రభుత్వం ఇంతవరకూ లేదు.

2022 ఏప్రిల్ నాటి 69 జీవో పాత ఆంక్షలను ఎత్తేసింది. ఈ జలాశయాల నీరు నగర అవసరంలో 1.25 శాతం లోపేనని, ఇవి ఇక ప్రధాన వనరులు కావని కారణం చూపింది. నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టి, ఎలా కాపాడాలో చెప్పమని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. ముందు తాళం తీసి, దొంగలను ఆపే ఉపాయం కమిటీకి వదిలినట్టుందని పౌర సంఘాలు విమర్శించాయి. 2023 మేలో మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. ఆ తరవాత ప్రభుత్వం మారింది. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీటిని ఇవే జలాశయాలకు తెచ్చే పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. అవసరం లేదన్న పాత్రలోకి ఎక్కడినుంచో నీళ్లు ఎత్తిపోసే ఏర్పాటన్నమాట.

69 జీవో చూపిన శాతం లెక్కలో దూరం కనిపించదు. కృష్ణా నీరు నగరానికి చేరడానికి సుమారు 116 కిలోమీటర్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు చేరడానికి 186 కిలోమీటర్లు పంపుల మీద రావాలి. గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వాలు మీదే వస్తుంది, కరెంటు బిల్లు లేకుండా. ఇక వరద సంగతి అసలే కనిపించదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ఎగువ నేల కాంక్రీటుతో నిండితే వాన నీరు ఇంకా తొందరగా దిగుతుంది, గేట్లు ఇంకా తొందరగా ఎత్తాలి.

కాబట్టి కొత్త ముసాయిదాలో ఉండవలసినవి ఇవి. హద్దును కంపాసుతో గీయకుండా వాలును బట్టి, కుంటలతో సహా గ్రామ నక్షాల మీద గుర్తించాలి. దిగువన అకారణంగా చిక్కుకున్న ఊళ్లను విడిచిపెట్టాలి, ఎగువన ఆంక్ష తప్పని ఊళ్లకు ఏటా డబ్బు చెల్లించాలి. అది జలమండలి బిల్లులో విడిగా కనిపిస్తే ఎవరు ఎవరికి ఎందుకు ఇస్తున్నారో నగరానికీ తెలుస్తుంది. మురుగు శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలయ్యాకే భవన అనుమతి ఇవ్వాలి. వాగు జలాశయంలో కలిసే చోట నీటి పరీక్ష ఫలితాలను నెలనెలా గ్రామ పంచాయతీ బోర్డు మీద అంటించాలి. మినహాయింపుల అధ్యాయం రాయనవసరం లేదు. దాని మీద సుప్రీంకోర్టు తీర్పు 2000లోనే వచ్చింది. ముసాయిదా తెలుగులో కూడా అచ్చయితే, ఆ ఊళ్ల గ్రామసభలు జీవోను ఫోన్‌లో ఫొటో తీసి ఎవరిచేతో చదివించుకునే పని తప్పుతుంది.

ఇట్లు,
నల్లా తిప్పే జనం