కొత్త ఇంజనుకి ఆ రెండు వేల కిలోమీటర్లు

కొత్త కారు షోరూం గుమ్మం దాటిందో లేదో దాని పీక మీద కాలేసి తొక్కడం ఇప్పటి కుర్రాళ్లకి ముచ్చటైపోయింది. మెళ్లో వేసిన పూలదండ వాడదు, చక్రాల కింద నలిగిన నిమ్మకాయల తడి ఆరదు, ఈలోపే బండి హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డెక్కేస్తుంది. పక్క సీట్లో కూర్చున్నవాడు ఫోను పట్టుకుని వీడియో తీస్తుంటాడు. ముల్లు ఎర్రగీతకి తగిలితే కేకలు, చప్పట్లు. పట్టుమని పాతిక కిలోమీటర్లు తిరగని ఇంజను అది. మా రోజుల్లో కొత్త ఇంజనుని అలా తొక్కినవాడు రెండోసారి షెడ్డుకొస్తే మా మేస్త్రీ బండి బానెట్టు కూడా ఎత్తేవాడు కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి, బోరు చేయించి, మళ్లీ కట్టి బతికినవాణ్ణి నేను. ఎక్కువగా అంబాసిడర్లు, ఫియట్లు. రీబోరు చేసిన ఇంజను మొదటిసారి అంటుకునే పూట షెడ్డులో వేరే పని నడిచేది కాదు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త బేరింగులు. ఆ బిగుతుకి సెల్ఫు మోటారు మూలిగేదే గాని తిరిగేది కాదు. హ్యాండిలు వేసి ఇద్దరం పట్టినా ఒక్కోసారి కదిలేది కాదు, తాడు కట్టి లాగించాల్సి వచ్చేది. అంటుకున్నాక ఒకడు ఆయిల్ ప్రెషరు చూడాలి, ఒకడు రేడియేటరు మీద చెయ్యి వేసి ఉండాలి, మేస్త్రీ తల వంచి చెవితో వినాలి. ఏ మూలనుంచి తేడా శబ్దం వచ్చినా ఆపెయ్యడమే.

బండి అప్పగించేటప్పుడు యజమానికి ఒకటే మాట చెప్పేవాళ్లం. మొదటి ఐదు వందల కిలోమీటర్లు 50 దాటించకండి, అలాగని ఒకే స్పీడు పట్టుకుని కూర్చోకండి, ఎత్తు మీద టాప్ గేరులో ఈడ్వకండి. వెనక అద్దానికి "రన్నింగ్ ఇన్" అని కాగితం అంటించేవాళ్లం. హైవే మీద లారీ డ్రైవరు ఆ కాగితం చూసి హారను కొట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయేవాడు. యజమానులు కూడా ఆ మాట వినేవాళ్లు. ఫియటు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడికి ఇంకో నెల నెమ్మదిగా నడపడం పెద్ద కష్టమా? కొత్త బండితో కుటుంబాన్నంతా ఎక్కించుకుని అన్నవరం వెళ్లి పూజ చేయించుకుని, దారిలో రెండు చోట్ల ఆగి, రేడియేటరులో నీళ్లు చూసుకుని తిరిగొచ్చేవాళ్లు. అదే రన్నింగ్ ఇన్, అదే తీర్థయాత్ర.

ఐదు వందలు తిరిగాక బండి షెడ్డుకి రావాలి. ఇంజను వేడిగా ఉండగానే ఆయిలు ట్రేలోకి దించి, ట్రేని ఎండలోకి లాగేవాళ్లం. నల్లటి ఆయిల్లో సన్నటి వెండిపొడి తళతళలాడేది. అది ఉండాల్సిందే. రెండు వేళ్ల మధ్య రాస్తే మాత్రం గరుకు తగలకూడదు. తగిలిందా, సంపు విప్పాల్సిందే. తర్వాత హెడ్డు నట్లు వరసప్రకారం మళ్లీ బిగించి, టాపెట్లు సరిచేసి, ప్లగ్గులు తీసి రంగు చూసేవాళ్లం. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే రింగులు కూర్చున్నట్టు లెక్క. నల్లగా తడిసి ఉంటే ఆయిలు పైకొస్తోందన్నమాట. ఆ ప్లగ్గుని యజమాని చేతిలోనే పెట్టి చూపించేవాడు మా మేస్త్రీ.

ఇదంతా చాదస్తం అంటారు ఇప్పుడు. చాదస్తం కాదు. సిలిండరు గోడ చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది గాని నిజానికి దాని నిండా హోనింగ్ రాయి ఏటవాలుగా ఒకదాన్నొకటి కోస్తూ గీసిన సన్నటి గీతలుంటాయి. ఆ గీతల గట్లు మొదట్లోనే రింగుల రాపిడికి అరిగి చదునవ్వాలి. పల్లాల్లో ఆయిలు నిలవాలి. రింగుని గోడకి ఒత్తేది దాని సొంత స్ప్రింగు ఒక్కటే కాదు, పైన మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి నెడుతుంది. బరువు బొత్తిగా వెయ్యకపోతే గట్లు అరగవు, ఆయిలు గోడ మీద మాడి గాజుపూతలా పట్టేస్తుంది. ఆ తర్వాత రింగు కూర్చోదు, బండి జన్మంతా ఆయిలు తింటూ నీలం పొగ వదులుతుంది. బరువు ఒక్కసారిగా మితిమీరి వేస్తే ఆ గట్ల దగ్గర లోహం వేడెక్కి, ఆయిలు పొర తెగి, గోడ మీద నిలువు చారలు పడతాయి. బరువు వెయ్యాలి, తియ్యాలి. మళ్లీ వెయ్యాలి, మళ్లీ తియ్యాలి. రన్నింగ్ ఇన్ అంటే ఇంతే.

ఈమధ్య మా అన్నయ్య మనవడు బీఎండబ్ల్యూ ఎం4 కొన్నాడు. మూడు లీటర్ల లోపు ఆరు సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలు, 510 గుర్రాలు. మా అంబాసిడరు 1489 సీసీ ఇంజను యాభై గుర్రాలు ఇస్తే గొప్ప. "రన్నింగ్ ఇన్ అయిందట్రా?" అని అడిగాను.

"అవన్నీ మీ కాలం కార్లకి తాతయ్యా. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చేసి పంపిస్తారు."

"ఎవరు చెప్పార్రా?"

"అందరూ అంటున్నారు."

"అందరి సంగతి తర్వాత. కారు కట్టినవాడేమన్నాడో చదువు."

ఆ చేతిపుస్తకం ఇప్పుడు కారు తెరలోనే ఉంటుందట. తీసి చదివాడు. 2000 కిలోమీటర్ల దాకా 5500 ఆర్‌పీఎం దాటొద్దు, గంటకి 170 దాటొద్దు అని స్పష్టంగా ఉంది. ఆ 2000 దగ్గర ఇంజను ఆయిలూ వెనక డిఫరెన్షియలు ఆయిలూ మార్పించాలి. కోటిన్నర పోసి కొన్న బండిలో ఆ నాలుగు వాక్యాలు చదివే తీరిక వాడికి దొరకలేదు! మా యజమానుల్లో వేలిముద్రగాళ్లు కూడా ఉండేవారు. చదవలేకపోయినా అడిగి తెలుసుకునేవారు.

బీఎండబ్ల్యూ ఒక్కటే కాదు, బలమైన బండ్లు కట్టేవాళ్లు చాలామంది ఇదే చెబుతున్నారు. మెర్సిడెస్ ఏఎంజీ మొదటి 1500 కిలోమీటర్లు 140 స్పీడు, 4500 ఆర్‌పీఎం దాటొద్దంటుంది. జర్మనీలో అఫాల్టర్‌బాఖ్ అనే ఊళ్లో వాళ్ల పెద్ద ఇంజన్లని మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి కడతాడు, అతని సంతకం ఉన్న పలక ఇంజను మీద బిగిస్తారు. నాలాంటివాడికి ఆ పలక చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టబుద్ధవుతుంది. దాన్ని మొదటి సాయంత్రమే ఎర్రగీతకి తొక్కుతారా? అమెరికావాళ్లయితే మనిషిని నమ్మడం మానేశారు. కొత్త షెవర్లే కార్వెట్టులో మొదటి 500 మైళ్లు ఒకటి, రెండు గేర్లలో కంప్యూటరే టార్కు తగ్గించి ఇస్తుంది. మా రోజుల్లో యజమాని కాలు చేసే పనిని ఇప్పుడు కంప్యూటరుకి అప్పగించాల్సి వచ్చింది.

ఇప్పటి పనితనం మాకు లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే. హోనింగులో పై గట్లని ఫ్యాక్టరీలోనే సగం చదును చేసేస్తున్నారు. గోడ మీద ప్లాస్మాతో లోహపు పొర చల్లుతున్నారు. సింథటిక్ ఆయిళ్లు వచ్చాయి. మాకు రోజుల తరబడి పట్టిన అరుగుదలలో చాలా భాగం ఇప్పుడు తొందరగానే అయిపోతుంది. కాని అసలు గండం ఇంకోచోటికి మారింది, అది మాత్రం చాలామంది పట్టించుకోవడం లేదు. మా కార్బురేటరు బండికి ఉన్న బలమే తక్కువ, ఎత్తు మీద ఈడ్వకుండా స్పీడు మీద కన్నేస్తే చాలావరకు సరిపోయేది. టర్బో ఇంజను అలా కాదు. మనవడి ఎం4 ఇంజను 650 న్యూటన్ మీటర్ల పూర్తి టార్కుని 2750 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది. ముల్లు మూడు వేలు దాటలేదు కదా అని నిశ్చింతగా ఉంటారు, కాలు మాత్రం నేలకి ఆనించి ఉంటారు. రింగుల మీద, బేరింగుల మీద పడాల్సిన బరువంతా అప్పుడే పడిపోతోంది. ఇవాళ్టి బండిలో ముల్లునే కాదు, కాలినీ చూసుకోవాలి.

మొదటి రోజునుంచే చావగొట్టి నడిపితేనే రింగులు బాగా కూర్చుంటాయని వాదించేవాళ్లున్నారు. రేసుల ఇంజన్లని అలాగే చేస్తారట. రింగుకి బరువు కావాలన్న సగం మాట నిజమే. కాని రేసు ఇంజనుని ఊరికే విప్పి చూస్తుంటారు, దాన్ని లక్ష కిలోమీటర్లు నడపాలని ఎవరూ కట్టరు. పైగా బండంటే ఇంజనొక్కటే కాదు. డిఫరెన్షియలు పళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకునేటప్పుడు బాగా వేడెక్కుతాయి, ఆ రెండు వేల దగ్గర ఆయిలు మార్చమనేది అందుకే. కొత్త టైరు మీద అచ్చు వదలడానికి పూసిన జారుడు పూత ఉంటుంది, అది పోయేదాకా పట్టు రాదు. బ్రేకు ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలి. పట్టులేని టైరూ కుదరని బ్రేకూ పెట్టుకుని 510 గుర్రాలని ఒక్కసారి వదిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లుమండేది పొద్దున్నే చల్లని ఇంజనుని రైజ్ చెయ్యడం. ఇంటికి దగ్గర్లో ఒక షోరూం ఉంది. డెలివరీకి ముందు కుర్రాళ్లు బండి స్టార్టు చేసి, ఆయిలు పైదాకా చేరకముందే, సైలెన్సరు చప్పుడు కస్టమరుకి వినిపించాలని నాలుగుసార్లు రైజింగ్ ఇస్తారు. కస్టమరు చప్పట్లు కొడతాడు. డబ్బు కట్టినవాడి ముందే వాడి ఇంజను అరిగిపోతోంది! బీఎండబ్ల్యూ ఎం కార్ల మీటరులో ఇంజను చల్లగా ఉన్నప్పుడు హెచ్చరిక రంగు కిందనుంచే మొదలవుతుంది, ఆయిలు వేడెక్కేకొద్దీ పైకి జరుగుతుంది. అంత విడమరిచి చూపించినా చూసే కళ్లుండొద్దూ?

"ఇన్ని చెబుతున్నారు, నా బండికి ఇప్పుడేమైంది?" అంటాడు మా మనవడు. ఇప్పుడేమీ కాదు. మూడేళ్లలో అమ్మేసి ఇంకోటి కొంటాడు. ఆయిలు తినడం, పొగ రావడం, కంప్రెషను పడిపోవడం తర్వాత కొన్నవాడి నెత్తిన పడతాయి. వాడు జీవితమంతా కూడబెట్టి, ఒక్కసారైనా అలాంటి కారు నడపాలని సెకండ్‌హ్యాండులో కొనుక్కునే మనిషి. మా దగ్గర రీబోరు చేయించుకున్న ఫియటు ముగ్గురు యజమానుల చేతులు మారినా మా షెడ్డుకే వచ్చేది, ముగ్గురికీ మేం జవాబు చెప్పుకునేవాళ్లం. ఇలాంటి బండి ఎవరైనా సెకండ్‌హ్యాండులో కొనబోతుంటే పెయింటూ అలాయ్ చక్రాలూ చూసి మురిసిపోకండి. 2000 కిలోమీటర్ల దగ్గర చేయించిన సర్వీసు బిల్లు అడగండి. దాని మీద తేదీ, కిలోమీటర్లు చూడండి. అది చూపించలేకపోతే బేరం అక్కడితో ఆపి, మీరు నమ్మిన మెకానిక్కుని తీసుకెళ్లి, ఇంజను బాగా వేడెక్కాక కంప్రెషను టెస్టు చేయించండి.