మామిడి నీడా, పన్నెండు వోల్టులూ

కరెంటు సంగతిలో కేజీఎఫ్ వాళ్ళతో వాదన పెట్టుకోకూడదు. శివనసముద్రం దగ్గర కావేరిలో పుట్టిన కరెంటు 1902లోనే దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి మా బంగారు గనులకు చేరింది. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. ఆ మూడేళ్ళ గర్వాన్ని మేమింకా ఖర్చు పెట్టుకుంటూనే ఉన్నాం. అందుకే, కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌కు బ్యాటరీ కొనాలని నేను పైకి అన్నానో లేదో, రాబర్ట్‌సన్‌పేటలో తెలిసినవాళ్ళంతా ఇంజనీర్లయిపోయారు.

అసలే తిరుపతి దగ్గరి కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీ పుణ్యమా అని మా వైపు బ్యాటరీ కూడా తిరుపతి లడ్డూలాంటిదే. కొండకు పోయేవాళ్ళెవరైనా ఉంటే చెప్పి తెప్పించుకొమ్మన్నారు.

అంగడి అబ్బాయి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ లెడ్ బ్యాటరీ చూపించాడు. "ఇంటికి వేసేది ఇదే అన్నా, ఏనుగు!" ఏనుగే. యాభై కిలోల పైమాటే. దాన్ని చక్రాల మీద పెడితే మేము నడిచి వెనక రావాలి. పైగా పన్నెండు వోల్టుల లెక్కన 1800 వాట్ అవర్లని కాగితం చెబుతుంది గానీ, లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూపోతే దాని ఆయుష్షు తరిగిపోతుంది. అంటే చేతికొచ్చేది 900. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 100 ఏహెచ్‌దైనా చాలు, వెయ్యికి పైనే వాడుకోవచ్చు. బరువు పన్నెండు, పదమూడు కిలోలు. డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు. ధర వినగానే మాత్రం కూర్చోవాలి.

ఎన్ని ఏహెచ్ కావాలని అందరూ అడిగారు. ఏం నడుపుతావని అడిగింది మా ఆవిడ ఒక్కతే. అడిగి, జవాబు కూడా తనే చెప్పింది.

"లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు సరే. మిక్సీ? ఇండక్షన్ పొయ్యి? మా అమ్మ వస్తే చట్నీ రోట్లో నూరాలా?"

ఇక్కడ ఒక తమాషా ఉంది. మిక్సీ అయిదు నిమిషాలు తిరిగితే అరవై వాట్ అవర్లు, అంతే. రాత్రంతా తిరిగే ఫ్యాను దానికి నాలుగు రెట్లకు పైగా తాగుతుంది. కానీ ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి అంత లాగాలంటే 170 ఆంపియర్ల దాకా పారాలి. దానికి బొటనవేలంత వైరు, దానికి తగ్గ ఫ్యూజు, పెద్ద ఇన్వర్టరు. అంతా చేస్తే అన్నం, సాంబారు అయ్యేసరికి బ్యాటరీలో సగం హరీ. గ్యాస్ స్టవ్వు పెట్టుకుందామన్నాను. చట్నీకి చిన్న ఇన్వర్టరు మంజూరైంది. అత్తగారితో తగువు కంటే అది చవక.

వీధి చివర మామ ఛాంపియన్ రీఫ్ గనిలో దిగినవాడు. 2001లో గని మూసేదాకా నెత్తిన దీపం, నడుముకు బ్యాటరీ. "మోసేవాణ్ణి అడగరా బరువు సంగతి," అన్నాడు. లిథియానికి ఓటు అక్కడే పడింది.

ఇక సోలార్. కోలారు ఎండకు 200 వాట్ల పలక ఉంటే మంచి రోజున ఆరేడువందల వాట్ అవర్లు వస్తాయి. మేము పోవాలనుకున్నది శ్రీనివాసపురం మామిడి తోటలకు. నీడలో ఆపితే మనుషులకు సుఖం, పలకకు పస్తు. ఎండలో ఆపితే ఫ్యాను తిరగాలి, వచ్చిన కరెంటంతా దానికే. పలకను పైకప్పుకు బిగించకుండా పొడుగు వైరుతో ఎండలో పెట్టాలని తేల్చాను. అప్పుడు దానికో కాపలా మనిషి కావాలి, లేకపోతే మేకలు దాని మీదే సభ తీరుస్తాయి.

మామ ముందుకొచ్చాడు. "ఇన్నేళ్ళూ భూమి కింద డ్యూటీ చేశాను రా అల్లుడా. ఎండలో కూర్చునే పోస్టింగ్ ఇప్పటికి పడింది. మరి ఓవర్‌టైం ఎంతిస్తావు?"