కుపాటి తినాలంటే ఆషాఢంలో బంతినారు పోయండి

కాకసస్ కొండల కింద, నల్లసముద్రం ఒడ్డున ఉన్న జార్జియాలో కుపాటి అని ఒక సాసేజి చేస్తారు. పంది మాంసం, కొవ్వు సన్నగా కొట్టి, ఎల్లిగడ్డ, ధనియాలు, ఎండుమిరప, దానిమ్మ గింజలు కలిపి పేగులో కూరి, గుర్రపు నాడాలా వంచి కాలుస్తారు. డాక్టరు చదువుకు త్బిలిసి వెళ్ళిన పిల్లలు సెలవులకొచ్చి దాని రుచి చెప్తుంటే, లక్సెట్టిపేటలో ఏ తల్లికైనా ఆ ఆదివారమే చేసి పెట్టాలనిపిస్తుంది. చేయకండి. ఆరు నెలలు ఆగండి.

ముందు బంతినారు పోయాలి. ఇమెరెటి కుంకుమపువ్వు అని జార్జియా వాళ్ళు వాడేది ఎండబెట్టిన బంతి రేకుల పొడి. బతుకమ్మకు బజారుకొచ్చే బంతి కొనొద్దు, దాని మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు. పెరట్లోనే పెంచండి. బతుకమ్మకు ఇవ్వాల్సింది ఇచ్చి, మిగిలినవి రేకు రేకు విడదీయండి. రేకు మొదట్లో తెల్లగా ఉండేది చేదు, గిల్లి పారేసి నీడలో ఆరబెట్టండి. పసుపుతో సరిపెట్టుకోమంటే వినకండి. రంగొక్కటే వస్తుంది, ఆ వాసన రాదు. మసాలాలో వాళ్ళు వేసే నీలి మెంతి మన మెంతులంత చేదుండదు, అందుకే కసూరి మేతి నలిపి వేయండి. గరం మసాలా డబ్బా ఆ రోజు వంటింట్లోనే ఉండకూడదు.

ఇక పుష్యమాసం దాకా మాంసం మాటెత్తొద్దు. మన ఉమ్మడి ఆదిలాబాద్‌లో చలి పది డిగ్రీల లోపుకు దిగే రోజులవి. ఎండాకాలంలో కలిపితే చేతి వేడికే కొవ్వు కరిగి మాంసం నుంచి విడిపోతుంది, కాలిస్తే లోపల పొడిపొడిగా మిగులుతుంది. చలిలో ముప్పావు కిలో మాంసానికి పావుకిలో కొవ్వు గట్టిగా నిలుస్తుంది. పంది తినని ఇంట్లో యాట మాంసం పెట్టుకోండి, కానీ కొవ్వు తీసేయమని మాత్రం కసాయికి చెప్పొద్దు. మిషన్ కీమా వద్దు, కత్తితో కొట్టించండి. కిలోకు పదహారు గ్రాముల ఉప్పు. మిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. ముద్ద అరచేతికి అంటుకుని, చెయ్యి బోర్లించినా పడనంత వరకు పిసకండి.

బోటి కడగడంలో ఇంటి పెద్దల మాట కూడా పక్కన పెట్టండి. వేడినీళ్ళు పోస్తే పేగు ముడుచుకుని చిట్లుతుంది. చన్నీళ్ళలో తిరగేసి, పలక మీద పరిచి, కత్తి వీపుతో గీకుతూ పోండి. బూడిదరంగు జిగురు ఊడొస్తుంది. కింద పెట్టిన వేలు కనిపించేంత పల్చన అయ్యేదాకా గీకాలి. దీనికి ఓ పూట పోతుంది, పోనీయండి. వెడల్పు మూతి గరాటుకు తొడిగి బొటనవేలితో వదులుగా కూరండి, బిగిస్తే పొయ్యి మీద పగులుతుంది. గాలి బుడగ కనిపిస్తే సూదితో పొడవండి. రెండు కొనలూ దారంతో కట్టి, పైతోలు ఆరేలా ఒక రాత్రి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచండి.

కాల్చేటప్పుడు మంట పెంచొద్దు. పెంక మీద అర గ్లాసు నీళ్ళలో మూతపెట్టి ఉడకనిచ్చి, నీళ్ళు ఇగిరాక దాని కొవ్వులోనే ఎర్రగా తిప్పండి. థర్మామీటరు గుచ్చితే నడిమధ్య 71 డిగ్రీలు చూపాలి.

పక్కన వాళ్ళు ట్కెమాలి అనే పుల్లటి ఆల్బకరా పండు పచ్చడి పెడతారు. పుష్యంలో మన చెట్లకు పచ్చి చింతకాయ ఉంటుంది. దాన్ని ఎల్లిగడ్డ, కొత్తిమీరతో నూరితే ఆ పులుపుకు ఏం తక్కువ కాదు. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, గుప్పెడు దానిమ్మ గింజలు చాలు. యాట కొవ్వు చల్లారితే అంగిట్లో పేరుకుంటుంది. అందుకని అందరూ వచ్చాక కూర్చుందామని ఆగొద్దు, ఎవరు ముందొస్తే వాళ్ళకు పెంక మీంచే పెట్టేయండి.