అవసరానికి బడి, ఆపదకు చర్చి

అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాదిన, ఏ పెద్ద ఊరి శివారుకి వెళ్ళినా ఒకటి తగులుతుంది. దువ్వినట్టు కత్తిరించిన పచ్చిక, ఎర్ర ఇటుకల మేడ, మేడ మీద శిలువ, శిలువ కన్నా ఎత్తుగా ఫుట్‌బాల్ స్కోర్‌బోర్డు. పేరు చివర క్రిస్టియన్ అకాడమీ అనో, ప్రిపరేటరీ స్కూల్ అనో ఉంటుంది. హాస్టల్ ఉండదు. మధ్యాహ్నం మూడు దాటాక గేటు ముందు కార్లు బారులు తీరతాయి. ఏసు గాడిదనెక్కి యెరూషలేములోకి వచ్చాడని పొద్దున చాపెల్‌లో విన్న పిల్లలు, గాడిద ఎత్తుకి రెట్టింపున్న ఎస్‌యూవీలెక్కి ఇళ్ళకి పోతారు.

అడ్మిషన్ ఆఫీసులో చేతికిచ్చే రంగుల పుస్తకం చూడండి. ఒక పేజీలో విశ్వాస ప్రకటన: మీ బిడ్డను క్రీస్తు సేవకు తీర్చిదిద్దుతాం. మరో పేజీలో కిందటేడు పాసైనవాళ్ళు చేరిన యూనివర్సిటీల చిట్టా. తల్లిదండ్రుల వేలు ఏ పేజీ మీద ఆగుతుందో చెప్పక్కర్లేదు. పరలోకంలో సీటు గ్యారంటీ అని రాసిపెట్టగలరు గానీ, హార్వర్డ్‌లో సీటు గ్యారంటీ అని రాసే ధైర్యం ఎవరికీ లేదు. దేవుళ్ళ పేర్లు పెట్టుకుని ర్యాంకుల హోర్డింగులు కట్టే కార్పొరేట్ కాలేజీలను చూసి పెరిగినవాళ్ళం. మనకిందులో వింతేమీ తోచదు. మనవాళ్ళు కనీసం అడ్మిషన్‌కి పూజారి ఉత్తరం అడగరు. అక్కడ చాలా బళ్ళలో పాస్టర్ గారి సిఫార్సు లేఖ జతచెయ్యాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా విశ్వాసి అయి ఉండాలన్న నియమం కొన్నిచోట్ల ఉంది. ఆపైన ఫీజు. డాలస్‌లో ఏడాదికి 30 వేల డాలర్లు దాటినవీ ఉన్నాయి. ధనవంతుడు పరలోకంలో దూరడం కన్నా ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలికని సువార్తలో ఉంది కదా అంటారా? ఉంది. వీళ్ళు బెజ్జానికే గేటు బిగించి ఫీజు పెట్టారు.

ఇంతకీ ఇన్ని క్రైస్తవ అకాడమీలు అక్కడ ఎప్పుడు మొలిచాయి? నల్లపిల్లల్ని, తెల్లపిల్లల్ని వేరు వేరు సర్కారు బళ్ళలో కూర్చోబెట్టడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పెద్దలు ఆ తీర్పును పాటించే పద్ధతి కనిపెట్టారు: 1959లో సర్కారు బళ్ళన్నిటికీ తాళాలు వేసేశారు. తెల్లపిల్లలకి ప్రైవేటు అకాడమీ లేచింది, దానికి కొన్నాళ్ళు సర్కారు సొమ్మే ఫీజుగా అందింది. నల్లపిల్లలకి ఐదేళ్ళ పాటు ఊళ్ళో సర్కారు బడే లేదు. దక్షిణాది పొడుగునా అలాంటి అకాడమీలు లేచాయి. వాటిలో చాలావాటికి దైవభక్తి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పొంగింది.

నార్త్ కరోలినాలో గోల్డ్స్‌బొరో క్రిస్టియన్ స్కూల్స్ అని ఒకటుండేది. నల్లపిల్లల్ని ఎందుకు చేర్చుకోరయ్యా అంటే బైబిలు విప్పింది. నోవహుకి ముగ్గురు కొడుకులు: షేము, హాము, యాపెతు. యూదులు షేము సంతతి, తెల్లవాళ్ళు యాపెతు సంతతి. నల్లవాళ్ళు, తూర్పు దేశాలవాళ్ళు హాము సంతతి. కలవడం దైవాజ్ఞకు విరుద్ధం. తూర్పు దేశాల లెక్కలో గుంటూరు, కరీంనగర్ వస్తాయో రావో ఆ బడివాళ్ళే చెప్పాలి. వాళ్ళ గొడవ బెంచీల గురించి కాదు, పన్ను గురించి. జాతి వివక్ష చూపే బడికి పన్ను మినహాయింపు లేదని ఆదాయపు పన్ను శాఖ అనేసరికి మతస్వేచ్ఛ గుర్తొచ్చింది. జలప్రళయాన్ని దాటిన నోవహు కుటుంబాన్ని తీసుకెళ్ళి పన్ను రిటర్నులో ముంచారు. 1983లో సుప్రీంకోర్టు 8–1తో కుదరదంది. ఇప్పుడు రంగుల పుస్తకం అట్ట మీద ఒక నల్లపిల్ల నవ్వు తప్పకుండా ఉంటుంది.

అసలు చమత్కారం ఆ తర్వాతది. మిషిగన్‌లోని రెడ్‌ఫర్డ్‌లో లూథరన్ బడి. నాలుగో తరగతి టీచరమ్మ లెక్కలు, సోషల్, సంగీతం అన్నీ చెప్పేది. ప్రార్థన, బైబిలు కలిపి రోజుకి ముప్పావు గంట. ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే జబ్బు చేసి సెలవు పెట్టింది. కోలుకుని వస్తే రాజీనామా చెయ్యమన్నారు. వికలాంగుల చట్టం ఉంది, కోర్టుకెళ్తానంది, తీసేశారు. 2012లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: ఈమె చర్చి పరిచారకురాలు, చర్చి తన పరిచారకుల్ని తీసేస్తే వివక్ష కేసు చెల్లదు. పాఠాలు చెప్పినంతసేపూ టీచరు, జబ్బు చెయ్యగానే పాస్టరమ్మ! కాలిఫోర్నియాలోని రెండు కథోలిక బళ్ళూ ఇదే దారి పట్టాయి. వాటిలో ఒక టీచరమ్మకి రొమ్ము క్యాన్సర్. 2020లో అక్కడా బళ్ళే గెలిచాయి, 7–2.

అంటే జీతగాళ్ళు హక్కులు అడిగితే బడి కాస్తా చర్చి. మరి సర్కారు డబ్బు పంచుతుంటే? 2022లో మెయిన్ రాష్ట్రం కేసులో, ప్రైవేటు బళ్ళకి ఫీజు కట్టే సర్కారు మతం బళ్ళను మాత్రం పక్కనపెట్టకూడదని అదే కోర్టు తీర్పిచ్చింది. అప్పుడు అది అన్ని బళ్ళలాంటి బడి. వేలిముద్రగాడికి కూడా అర్థమయ్యే ఈ గారడీ అర్థం కానిది న్యాయమూర్తులకే.

2025లో టెక్సస్ ఇంకో అడుగు వేసింది. ప్రైవేటు చదువులకి వంద కోట్ల డాలర్లు తీసిపెట్టింది, పిల్లాడికి ఏడాదికి సుమారు 10 వేలు. ఎవర్ని చేర్చుకోవాలో, ఎవర్ని గుమ్మంలోంచే పంపెయ్యాలో మాత్రం బడి ఇష్టం. 30 వేల ఫీజులో 10 వేలు పోతే మిగిలిన 20 వేలు పేదవాడు ఎక్కడినుంచి తేవాలో చట్టంలో లేదు. ఎప్పటినుంచో కడుతున్నవాడికి మాత్రం అది దక్కితే 10 వేలు మిగులు.

అదే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సోఫా కొనుక్కున్న తెలుగాయన అమ్మకం పన్ను కింద రాష్ట్రానికి 6.25 శాతం కట్టాడు. ఆ డాలర్ల మతమేమిటని ఎవరూ అడగలేదు. రేపు తన కొడుకుని తీసుకుని పాస్టరు సంతకం అడిగే బడి మెట్లెక్కితే, మొదటి ప్రశ్న అదే.