రెండు పడవలూ ఏడు సీట్లూ

మా తోడల్లుడు పూర్తి కరెంటు కారు కొన్నాడు. మా కష్టాలకు అదే శ్రీకారం. తోడల్లుడు ఏం కొన్నాడో అదే మనం కొనకూడదు, అంతకంటే తక్కువదీ కొనకూడదు. ఈ సూత్రం ఏ ధర్మశాస్త్రంలో ఉందో తెలీదుగానీ, డాలస్‌కు ఉత్తరాన మేముండే ఫ్రిస్కోలో మాత్రం ఖచ్చితంగా అమల్లో ఉంది.

"పూర్తి కరెంటుది మనకొద్దండీ" అని మా ఆవిడ మొదట్లోనే తేల్చేసింది. ఆవిడ మనసులో 2021 ఫిబ్రవరి ఇంకా గడ్డకట్టే ఉంది. ఆ మంచు తుపానుకు టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్లకు పైగా కరెంటు పోయింది, అందులో మాదొకటి. వీధిలో కారు స్టార్ట్ చేసుకుని, హీటర్ పెట్టుకుని, నలుగురం అందులో కూర్చుని ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం. ఉప్మా ఒకటే తక్కువ. అలాగని పెట్రోలు బండి కొందామంటే మా పెద్దమ్మాయి ఒప్పుకోదు. భూగోళం వేడెక్కుతోందని బళ్లో చెప్పారట, దానికి బాధ్యుణ్ని నేనేనని ఇంట్లో అది చెబుతుంది.

ఇంట్లో ఇద్దరాడవాళ్లు చెరో వైపు లాగుతుంటే మగాడు చేసేదేముంది? మధ్యలో నిలబడతాడు. ఆ నిలబడ్డ చోటుకు కార్ల భాషలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అని పేరు. సగం కరెంటు, సగం పెట్రోలు. రాత్రి గోడకు తగిలిస్తే పొద్దున ముప్పై, నలభై మైళ్లు కరెంటు మీద పోతుంది, అదయ్యాక ఇంజను అందుకుంటుంది. ప్లేనోలో ఉన్న మా ఆఫీసుకు పోనూ రానూ 26 మైళ్లు. అంటే వారమంతా బంకు మొహం చూడక్కర్లేదు, హ్యూస్టన్ వెళ్లాలంటే చార్జర్ దగ్గర వరసలో నిలబడక్కర్లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలన్నారు. ఆ రెంటినీ కలిపి వెల్డింగ్ చేస్తారని పెద్దలు ఊహించి ఉండరు.

ఇక ఏ బండి అన్నది. తేల్చుకోలేనివాళ్ల కోసమే కనిపెట్టిన కారులో అయిదారు రకాలు పెడితే ఎలా తేల్చుకుంటాం? నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేరువాణ్ని కాబట్టి ఎక్సెల్ షీటు తెరిచాను. వరసకో బండి, నిలువుకో గుణం. మూడు వారాల్లో ఆ షీటు ఎంత పెరిగిందంటే, మా పెళ్లికి చూసిన సంబంధాలన్నీ కలిపినా అన్ని గళ్లు నిండవు.

నా మనసంతా బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎక్స్‌డ్రైవ్50ఈ మీద ఉంది. ఆరు సిలిండర్ల ఇంజను, మోటారుతో కలిపి 483 గుర్రాల బలం, కరెంటు మీదే 39 మైళ్లు. ఇక్కడే సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో తయారవుతుంది. రెండున్నర టన్నుల బరువున్నది రైలు కదిలినంత నెమ్మదిగా కాక, రైలు తప్పిపోతున్నవాడు పరిగెత్తినట్టు పరిగెడుతుంది. అయితే సీట్లు ఐదే. పెట్రోలు ఎక్స్5లో అడిగితే మూడో వరస వేసిస్తారు, హైబ్రిడ్‌లో వేయరు. డిక్కీ కూడా 650 లీటర్ల నుంచి 500కు తగ్గింది, బ్యాటరీకి చోటు కావాలి కదా. మేం నలుగురం, ఆరు నెలలుండి వెళ్లడానికి వచ్చిన అమ్మానాన్న, మాతోనే ఉంటున్న మా అత్తగారు. మొత్తం ఏడుగురం. మనసేమో ఐదు సీట్ల మీద, సంసారమేమో ఏడు సీట్లలో.

మెర్సిడెస్ జీఎల్‌ఈ 450ఈ కరెంటు మీద 48 మైళ్లు పోతుంది, ఆ గడిలో అందరికంటే మొనగాడు. ఐదు సీట్లే. లెక్సస్ ఆర్‌ఎక్స్ 450హెచ్ ప్లస్ సంగతి చెప్పాలంటే, "లెక్సస్ తీసుకో, గొడవుండదు" అన్నది ఇక్కడి తెలుగువాళ్లలో పెళ్లీడు పిల్లలున్న ప్రతి పెద్దమనిషీ చెప్పే మాట. బ్యాటరీ అయిపోయాక కూడా పెట్రోలు పొదుపుగా తాగుతుంది, గాలన్‌కు 35 మైళ్ల దాకా ఇస్తుంది. అదే ఎక్స్5 అయితే 22. నిజానికి ఈ బళ్లన్నిటి అసలు గుణం బ్యాటరీ నిండుకున్నాకే బయటపడుతుంది, అల్లుళ్ల గుణం పండక్కి కానుకలు అయిపోయాక తెలిసినట్టు. కానీ ఆర్‌ఎక్స్ కూడా ఐదు సీట్లే. లెక్సస్‌లోనే టీఎక్స్ 550హెచ్ ప్లస్ అని మూడు వరసలది ఉంది. అందులో ఆరు సీట్లు. అంటే అత్తగారిని ఇంట్లో వదిలేయాలి. ఆ మాట నేననలేదు, ఎక్సెల్ అంది. ఆ షీటు ఆవిడ కంట పడ్డ రోజు నాకు కాఫీ ఇవ్వలేదు.

మిగిలింది వోల్వో ఎక్స్‌సీ90 టీ8. 455 గుర్రాలు, ఏడు సీట్లు, కరెంటు మీద ముప్పై చిల్లర మైళ్లు, తర్వాత గాలన్‌కు 27. సీట్ల గడిలో తప్ప ఎక్కడా ఫస్టు మార్కు రాదు, ఏ గడిలోనూ తప్పదు. మా ఇంట్లో అలాంటివాళ్లకే పిల్లనిస్తారు.

అయినా ఎక్స్5ని ఒక్కసారి చూసొద్దామన్నాను. ఆశ చావదు కదా. షోరూములో సేల్స్ కుర్రాడు మనవాడే. ఎక్స్5 వెనక తలుపు రెండు ముక్కలుగా తెరుచుకుంటుంది. పై ముక్క పైకీ, కింది ముక్క కిందికీ. కింది ముక్క తెరవగానే మా అమ్మ ముఖం విప్పారింది. "హమ్మయ్య, అరుగు కూడా పెట్టారు" అని దాని మీద సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత జరిగింది టెస్ట్ డ్రైవ్ కాదు, ఇంటర్వ్యూ.

"ఏ ఊరు నాయనా మీది?"

"ఖమ్మం, ఆంటీ."

"పెళ్లయిందా?"

వాడు 483 గుర్రాల గురించి చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా, మా అమ్మ వాళ్ల మేనత్తల గురించి అడిగింది. మా నాన్న మాత్రం ధర కాగితం పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. డాలర్లను రూపాయల్లోకి, రూపాయలను ఎకరాల్లోకి మారుస్తున్నాడని పెదాల కదలికను బట్టి తెలుస్తోంది. డెబ్బై వేల డాలర్ల పైమాటే, అంటే అరవై లక్షల పైచిలుకు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరికి తీసుకెళ్లి చూపిస్తాడట.

వోల్వో దగ్గర మా అమ్మకు నచ్చనిది ఒకటే, గేరు. స్వీడన్‌లో ఒరెఫోర్స్ అనే గాజు కంపెనీ వాళ్లు చేసిన స్ఫటికపు గేరు పిడి అది. "గాజుదా? అంట్లు తోమేటప్పుడు గ్లాసే ఆగడం లేదు" అంది. ఆ గేరుకూ అంట్లకూ సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాను.

అసలు సంగతి ఇక్కడే జరిగింది. సేల్స్‌మన్ టాబ్లెట్‌లో బొమ్మ పెట్టి వివరిస్తున్నాడు. పెట్రోలు ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది, కరెంటు మోటారు వెనక చక్రాలను తిప్పుతుంది, రెంటికీ మధ్య షాఫ్టు లేదు, ఆ ఖాళీలోనే బ్యాటరీ పెట్టారు. నేను తెలుగులోకి మారుస్తున్నాను. మా నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"ఒరే, ఇది మన బావే కదరా."

వినుకొండ దగ్గర మా చేను. బావి గట్టున కరెంటు మోటారు ఉండేది, దాని పక్కనే గోనెసంచి కప్పిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజను ఉండేది. కరెంటు ఉన్నంతసేపు మోటారు, పోయాక హ్యాండిల్ తిప్పి ఇంజను. రెండు నడిచినా మిరప తోటకు వచ్చే నీళ్లు అవే. నేను మూడు వారాలు ఎక్సెల్‌లో వెతికింది ఆయన నలభై ఏళ్లు నడిపాడు.

"అయితే ఒకటడుగు. కరెంటు మీదే తిప్పుతుంటే ఇంజను పట్టేయదూ?"

అడిగాను. ఎక్కువ రోజులు వాడకపోతే కంప్యూటరే అప్పుడప్పుడూ ఇంజనును కాసేపు నడుపుతుందని చెప్పి, సేల్స్‌మన్ మా నాన్నకేసి కొత్తగా చూశాడు. ఆ నెలలో అతన్ని ఎవరో అడిగిన మొదటి అసలు ప్రశ్న అదే అయి ఉంటుంది. మేమంతా అడిగేది సన్‌రూఫ్ ఎంతుందనే.

ఇక తొందరగా తేల్చేయాల్సి వచ్చింది. ఎందుకంటే, అప్పటికి 2025 ఆగస్టు. జులై 4న సంతకమైన కొత్త చట్టం ప్రకారం ఇలాంటి బళ్లకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబరు 30తో ఆఖరు. అందులో ఇంకో తిరకాసు. వోల్వో స్వీడన్ నుంచి వస్తుంది కాబట్టి కొంటే ఆ రాయితీ వచ్చేది కాదు, ఎందుకంటే బండి ఉత్తర అమెరికాలో బిగించినదై ఉండాలన్నది షరతు. అదే బండిని లీజుకు తీసుకుంటే లీజు కంపెనీకి వచ్చేది. వాళ్లకు బుద్ధి పుడితే అది మన నెల వాయిదాలో తగ్గించేవారు. "కొంటే మనది, కానీ డబ్బు రాదు. అద్దెకైతే డబ్బు వస్తుంది, కానీ మనది కాదు" అని నాన్నకు చెప్పాను. "కౌలు అన్నమాట" అన్నాడు. ఆయనకు ఏదీ కొత్త కాదు. కౌలుకే తీసుకున్నాం.

బండి వచ్చాక పేచీ ప్లగ్గు దగ్గర మొదలైంది. అమెరికాలో గోడకుండే మామూలు ప్లగ్గు 120 వోల్టులు. దాంతో ఈ బ్యాటరీ నిండాలంటే రాత్రి చాలదు. 240 వోల్టులకు ఎలక్ట్రీషియన్ని పిలవాలి, వాడు వేరే తీగ లాగాలి, వేరే బ్రేకర్ పెట్టాలి, వేరే బిల్లు ఇవ్వాలి. మన ఊళ్లో దోమల మందు గుచ్చే ప్లగ్గులో కూడా వచ్చే కరెంటు కదా అది! "ఇంతదూరం వచ్చి సగం కరెంటు వాడుతున్నారట్రా మీరు" అని నాన్న జాలిపడ్డాడు.

పెట్రోలు కొట్టించడం ఇంకో తతంగం. నెలన్నర తర్వాత మొదటిసారి బంకుకు వెళ్లాం. మూత ఊరికే తెరుచుకోదు. లోపల బటన్ నొక్కి ఆగాలి. కరెంటు మీద తిరుగుతూ ఇంజను నడవనప్పుడు పెట్రోలు ఆవిరి ట్యాంకులో పేరుకుంటుంది, ఆ ఒత్తిడి దిగాకే మూత. వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. మా అమ్మ అద్దం దించి, "కుక్కర్ ఆవిరి పోనీ నాయనా, తొందరేంటి" అని తెలుగులోనే నచ్చజెప్పింది. ఆగాడు.

ఐరోపా వాళ్లు 2024లో ఒక లెక్క తేల్చారు. ఈ ప్లగ్-ఇన్ బళ్లు ప్రయోగశాలలో వదిలిన పొగకు మూడున్నర రెట్లు రోడ్డు మీద వదులుతున్నాయట. కారణాల్లో పెద్దది, కొన్నవాళ్లు అనుకున్నంతగా ప్లగ్గు పెట్టకపోవడం. మా ఇంట్లో ఆ ప్రమాదం లేదు. మా ఇంట్లో నాన్న ఉన్నాడు.

టెక్సాస్‌లో చాలా చోట్ల కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవచ్చు. మేం తీసుకున్న పథకంలో రాత్రి తొమ్మిది తర్వాత వాడే కరెంటుకు డబ్బు లేదు. పగటి రేటులో అదంతా పిండుకుంటారనుకోండి. "ఉచిత కరెంటా? ఇక్కడ కూడా రాజశేఖరరెడ్డి సంతకం పెట్టాడా?" అన్నాడు నాన్న. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేసి ఆయన ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టిన సంగతి మా నాన్నకు నా పుట్టినరోజుకంటే బాగా గుర్తు. చేలో మోటారు నడిపే ఆ త్రీ ఫేజ్ కరెంటు కూడా చాలాసార్లు రాత్రి వంతులోనే వచ్చేది. టార్చిలైటు పట్టుకుని, పాముల కోసం కర్ర తాటిస్తూ, మోటారు వేయడానికి చేనికి నడిచేవాడు.

అందుకని ఇక్కడ కూడా ఆయన నిద్రపోడు. చార్జింగ్ తొమ్మిదికి దానంతటదే మొదలవుతుందని, ఫోన్‌లో పెట్టేశానని చెప్పాను.

"ఆటో స్టార్టరన్నమాట."

"అంతే నాన్నా."

"ఆటో స్టార్టర్ని నమ్మి పడుకుంటే, ఫీజు పోయి తెల్లారి మడి ఎండి ఉండేది."

ఎనిమిదీ యాభైకి గరాజ్‌లోకి వెళ్లాడు. లైటు వేయలేదు, పాత అలవాటు, చేతిలో ఫోన్ టార్చి. వెనకే నేను, నా వెనక చిన్నమ్మాయి. ఎడమ ముందు చక్రం పైనున్న చిన్న మూతలో తీగ గుచ్చి ఉంది, దీపం లేదు. నాన్న బానెట్ మీద చెయ్యి వేసి, బావి మోటారు మీద వేసినట్టే, నిలబడ్డాడు. బయట మిడతల రొద. అత్తగారు లోపల్నుంచి ఎవరా గరాజ్‌లో అని కేకేస్తోంది.

గోడకున్న పెట్టెలో టక్‌మని చప్పుడైంది. దీపం ఆకుపచ్చగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"త్రీ ఫేజ్ వచ్చిందిరోయ్!" అని మా నాన్న ఫ్రిస్కో వీధంతా వినపడేలా అరిచాడు.

అమెరికా ఇళ్లకు త్రీ ఫేజ్ ఉండదని నేను చెప్పలేదు. పక్కింటాయన కిటికీలో లైటు వెలిగింది.