పాయింటరమ్మ

పాయింటరమ్మ వేట మీద మనసుపడి కుక్కను తెచ్చుకోలేదు. కుక్కను తెచ్చుకున్న పాపానికి వేటలో పడింది. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవాల శివారు పేటల్లో ఈవిడ తరచు తారసపడుతుంది. నలభై దాటిన వయసు, బడిలోనో బ్యాంకులోనో ఉద్యోగం. అప్పటిదాకా చేతపట్టిన ఏకైక మారణాయుధం గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెర. కాఫీరంగు మచ్చల జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ పిల్లను చూసి ముచ్చటపడింది. చెవులు మెత్తన, చూపు జాలి. సోఫాలో పక్కన పడుంటుందిలే అనుకుంది. ఏడాది తిరిగేసరికి పడుండటానికి సోఫాయే మిగల్లేదు.

పశువైద్యుడు అన్నీ చూసి, "రోగమేమీ లేదమ్మా, పనే లేదు. పొద్దస్తమానం పొలాల్లో పరుగెత్తి పిట్టలు వెతికే జాతి ఇది" అన్నాడు. ఇంకొకరైతే కుక్కను ఎవరికైనా ఇచ్చేసేవారు. పాయింటరమ్మ దానికి ఉద్యోగం చూడబోయి, తానే దాని దగ్గర ఉద్యోగంలో చేరింది.

మొదట "వో" పాఠం. పిట్ట వాసన తగిలితే ఆగిపోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చే గుణం. మనిషి వచ్చేదాకా కదలకుండా ఉండటం మాత్రం నేర్పాలి. అందుకు ఆజ్ఞ "వో". తిండి గిన్నె దగ్గర వో, గుమ్మం దగ్గర వో, కారు తలుపు దగ్గర వో. కొన్నాళ్లకు ఇంట్లో కుక్క తప్ప అందరికీ పాఠం వచ్చేసింది. ఆవిడ నోట ఆ మాట వినపడితే భర్త కాఫీ కప్పు పెదాల దాకా తెచ్చుకుని ఆగిపోయేవాడు. కుక్క పాఠాల కోసం ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం డబ్బా పక్కన ఫెజంట్ అనే వేటపిట్ట రెక్క చేరింది. గరాజ్‌లో పావురాలు కాపురం పెట్టాయి. కారు వీధినపడింది.

మన దగ్గర ఇంటర్ చదివే పిల్లవాడి తల్లిని చూశారుగా? "మాకు మ్యాథ్స్ ఫర్వాలేదండీ, ఫిజిక్సే కాస్త భయం" అంటుంది. పాయింటరమ్మదీ అదే వరస. 1969లో పుట్టిన నావ్‌డా అనే సంఘం వేటకుక్కలకు పరీక్షలు పెడుతుంది. కుర్ర కుక్కలకు పెట్టేది సహజ ప్రతిభ పరీక్ష. వాసన పట్టడం, గాలించడం, జాడ తీయడం, పిట్టను చూపి నిలబడటం, నీళ్లలో దిగడం, ఉత్సాహం, చెప్పిన మాట వినడం, అన్నీ కలిపి 112 మార్కులు. "మాకు 107. నీళ్ల దగ్గర 5 పోయాయి" అంటుంది ఆవిడ దిగులుగా. నీళ్లలో దిగింది కుక్క. ఒడ్డున వణికింది ఈవిడ.

కుక్క పాసయ్యాక ఇక ఆవిడ వంతు. వేటలో భద్రత నేర్పే హంటర్ సేఫ్టీ తరగతిలో పన్నెండేళ్ల పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాసింది. ట్వెంటీ గేజ్ తుపాకి కొంది. గేజ్ లెక్క తలకిందులు. గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఒక పౌండు సీసంతో ఎన్ని వస్తాయో, అదే గేజ్. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఇది పుట్టినరోజు విందుల్లో అడిగినవారికీ అడగనివారికీ ఆవిడే చెబుతుంది.

అక్టోబరు మూడో శనివారం వచ్చిందంటే ప్రయాణం సౌత్ డకోటాకే. ఆసియా నుంచి వలస తెచ్చిన ఫెజంట్‌ను 1943లో ఆ రాష్ట్రం తన రాష్ట్రపక్షిగా ప్రకటించుకుంది. ఆ రాష్ట్రపక్షిని కాల్చడానికే ఏటా జనం బారులు తీరతారు. రోజుకు మనిషికి మూడు పుంజులు. పెట్టల జోలికి పోకూడదు.

నడుమెత్తు గడ్డిలో కుక్క చటుక్కున ఆగిపోతుంది. ముక్కు గాలికెదురు, తోక నిటారు, ముందుకాలు ఒకటి పైకి. ఇప్పుడు పిట్టను లేపాల్సింది మనిషి. పాయింటరమ్మ అడుగు వేస్తుంది, ఆలోచనలు మొదలవుతాయి. గొట్టం ఎటుంది? పక్కవాళ్ల నారింజ చొక్కాలు ఎక్కడ? కుక్క ఎక్కడ? లేచేది పుంజా, పెట్టా? వెనక ఆకాశం కనబడేంత ఎత్తు లేచిందా? తక్కువ ఎత్తులో కాలిస్తే గుండ్లు కుక్కకు తగులుతాయి మరి. ఇన్ని సందేహాలూ తీరేలోగా పుంజు గొంతు చించుకుని అరుస్తూ లేచి పక్క జిల్లాకు సాగిపోతుంది. ఆ తర్వాత పాయింటరమ్మ రెండుసార్లు కాలుస్తుంది, మర్యాద కోసం.

కుక్క పిట్ట వెళ్లిన దిక్కు చూస్తుంది. తర్వాత ఆవిడ వైపు చూస్తుంది. పొద్దున్నుంచి మైళ్లకు మైళ్లు పరుగెత్తి, ముళ్లలో దూరి, ఉన్న పిట్టను ఉన్నచోట పట్టి ఇచ్చిన ఉద్యోగి చూపు అది. ఆ చూపుకు ఆవిడ సంజాయిషీ ఇచ్చుకుంటుంది. ఎండ కళ్లలో పడిందని, పెట్టేమోనని అనుమానం వచ్చిందని. భర్తకు ఏనాడూ ఇంత వివరంగా చెప్పిన పాపాన పోలేదు.

గురి తప్పినా పుణ్యానికి లోటు లేదని ఆవిడ వాదన. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద తయారీదారు కట్టే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది. ఆ లెక్కన పిట్టల సంక్షేమానికి ఆవిడంత చందా కట్టినవారు ఆ చుట్టుపక్కల లేరు. మన దగ్గర కముజు పిట్ట మీద తుపాకి ఎత్తితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. అక్కడ తుపాకి ఎత్తేవారి డబ్బుతోనే పిట్టలకు గడ్డిభూములు. పాయింటరమ్మ పద్ధతిలో అయితే గడ్డీ దక్కుతుంది, పిట్టా దక్కుతుంది.

ఎప్పుడో ఒక పుంజు పడుతుంది. ఆరోజు ఆవిడ కేకలు పెట్టదు. కుక్క తెచ్చి చేతిలో పెట్టిన పిట్టను చూస్తూ కాసేపు మాట్లాడదు. ఈకలు తానే పీకుతుంది, తానే వండుతుంది, ముక్క పారేయనివ్వదు. గుండు పంటికింద పడుతుందేమో చూసుకు నమలమని అతిథులకు మరీమరీ చెబుతుంది. పెట్రోలు, బూట్లు, లైసెన్సు, కుక్క మెడకు కట్టిన జీపీఎస్ పట్టీ, అన్నీ కలిపి ఆ కూర ఖరీదెంతని మాత్రం ఎవరూ అడగకూడదు.

ఈ మధ్య కొత్త చింత పట్టుకుంది. ఒక కుక్క పిట్టను చూపి నిలబడితే, రెండోది దాన్ని చూసి వెనకే ఆగిపోవాలి. మంచి వేటకుక్కకు ఆ మర్యాద తెలియాలట. ఇంట్లో ఒక్క కుక్కే ఉంటే మర్యాద ఎవరిని చూసి నేర్చుకుంటుంది? అందుకని రెండో పిల్ల వచ్చింది. రెండు కుక్కలకు ఒక మనిషి చాలదు గనక హంటర్ సేఫ్టీ తరగతిలో భర్త పేరు కూడా నమోదైంది. ఆయన్ను అడగలేదా అంటే, "అడిగేదేముంది, 'వో' ఎప్పుడో వచ్చేసిందిగా!" అంటుంది.