సభాముఖమున పౌరసత్వ ప్రదానము

1955 నాటి భారత పౌరసత్వ చట్టపు తొమ్మిదవ సెక్షను ననుసరించి, స్వచ్ఛందముగ అన్యదేశ పౌరసత్వము స్వీకరించినవాడు తత్‌క్షణమే భారత పౌరుడు గాకపోవును. కాని మన సన్మానసభలలో స్వాగతవచనములు పలుకు వ్యాఖ్యాతకు ఆ చట్టమును రద్దుపరచు అధికారమెవరిచ్చిరో గాని, డాలసులో అమెరికా రాజ్యాంగమునకు విధేయుడనని ప్రమాణము చేసి ఆ దేశపు పాస్‌పోర్టుతో విచ్చేసిన మహాశయుని "ప్రముఖ ఎన్నారై" యని సంబోధించి, పోయిన పౌరసత్వమును శాలువతోపాటు తిరిగి కప్పివేయును. ఎన్నారై యనగా పరదేశమున నివసించుచున్న భారత పౌరుడు, 2010 నాటి సవరణచే ఇచటి ఓటర్ల జాబితాలో చేరు హక్కు పొందినవాడు. మన సన్మానితుని చేతనున్నది ఓసీఐ కార్డు. దానితో యావజ్జీవము వచ్చి పోవచ్చును గాని ఓటు వేయరాదు, సేద్యపు భూమి కొనరాదు. దానినే "డ్యూయల్ సిటిజన్‌షిప్" అనుచు శంకరపల్లిలో రెండెకరములు చూపింప నుత్సహించు బ్రోకరు ఆ సభలోనే ముందువరుసలో ఆసీనుడై యుండును.

పెండ్లిమాటలలో ఈ ఔదార్యము కట్టలు తెంచుకొనును. హెచ్1బీ వీసాపై పోయినవానిని అమెరికా చట్టము వలసదారులు కాని తాత్కాలికుల వర్గమున చేర్చి, మూడేండ్లిచ్చి, మరి మూడేండ్లు పొడిగించి, పిదప గ్రీన్‌కార్డు నర్థించినచో, ఏటేటి గ్రీన్‌కార్డులలో ఏ యొక్క దేశస్థులకును నూటికి ఏడు మించరాదను నియమము చూపి, ఏండ్ల తరబడి వరుసలో నిలువబెట్టును. ఆ వరుసలో తల నెరయుచున్న వరుడు ఇచటి మధ్యవర్తి నోట "అక్కడే సెటిలయ్యాడండీ, సిటిజనే అనుకోండి" యగును. గ్రీన్‌కార్డు వచ్చినను లభించునది శాశ్వత నివాసమే. పౌరసత్వమునకై సామాన్యముగ మరి ఐదేండ్లు వేచి దరఖాస్తు పెట్టవలయును. మధ్యవర్తికంత తీరిక యేది? ముహూర్తము మాఘమాసముననే కదా!

ఇంతటి దాతలకును లోభము పుట్టుచోటొకటి గలదు. మెక్సికో సరిహద్దు దాటివచ్చి, ప్రాణభీతిచే ఆశ్రయము కోరుచున్నవాడు, అట్లు కోరుటకు అమెరికా చట్టముననే దారి యున్నను, విచారణకు మునుపే మన టీవీ చర్చలలో "చొరబాటుదారు". ఉండుటకిచ్చిన గడువు దాటినను కదలక న్యూజెర్సీ గ్యాస్‌స్టేషనులో కొలువుచేయుచున్న మేనల్లునికో, "పాపం, చిన్న స్టేటస్ ప్రాబ్లమ్". అక్రమవలసదారుల నందరిని విమానమెక్కించి పంపివేయవలెనని మొన్న బల్లగుద్ది వాదించిన పెద్దమనిషి, ప్రకటనల విరామమున పక్కవానిని మెల్లగా మంచి ఇమిగ్రేషన్ లాయరు నంబరు అడిగెనట.